వదిన చల్లిన చింతపిక్కలు

పోయిన ఆదివారం బెళ్ళందూరులో మా మేనకోడలు కొత్త ఫ్లాటులో పాలు పొంగిస్తుంటే వెళ్ళాను. హాల్లో పాత చీర డిజైను కాగితమొకటి అద్దం కట్టించి పెట్టింది. వచ్చినవాళ్ళందరూ దాని ముందే ఆగి ఎవరు గీశారని అడుగుతుంటే, పిల్ల వంటింట్లో పనిలో ఉండటంవల్ల, వాళ్ళమ్మ, అంటే మా వదిన గీసిందని నా నోటితో నేనే చెప్పవలసి వచ్చింది. డెబ్బై దాటాక కూడా కడుపులో ఆ పాత మంట అలాగే లేచింది.

మేము కె.ఆర్.పురంలో ఉండే రోజుల్లో నాన్న స్నేహితుడొకాయన చీరల మీద అచ్చు వేయించేవాడు. ఆయనకు డిజైన్లు గీసిచ్చే పని నాది. స్కేలు, కంపాసు, గళ్ళ కాగితం దగ్గర లేకపోతే నాకు చెయ్యి కదిలేది కాదు. అన్నయ్య పెళ్ళయి వదిన కాపురానికి వచ్చాక, పొద్దుపోక తనూ గీస్తానంది. వంటింట్లోంచి గుప్పెడు చింతపిక్కలు తెచ్చి, కళ్ళు మూసుకుని కాగితం మీద చల్లేది. పిక్క ఆగినచోట పువ్వు, రెండు ఆనుకుంటే గుత్తి, ఏదీ పడనిచోట ఖాళీ. రంగులకైతే చీట్లు తీసేది. మొదట్లో నేను నవ్వుకున్నాను. కానీ అచ్చాయన నెమ్మదిగా ఆమె కాగితాలే ముందు తీసుకోవడం మొదలుపెట్టాడు.

నా నిశ్చితార్థం చీరకు మా ఇద్దరినీ చెరో డిజైను గీయమంది అమ్మ. నేను వారాల తరబడి కూర్చున్నాను. వదిన ఒక్క మధ్యాహ్నంలో ముగించింది. అమ్మ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"నీది లెక్క తప్పకుండా ఉండాది. వదినది గాలికి రాలిన పూల మాదిరి ఉండాది," అని వదిన కాగితమే అచ్చుకు పంపింది.

ఆ చీరే కట్టుకుని పీట మీద కూర్చున్నాను. మగపెళ్ళివారు కొంగు పట్టుకుని మరీ మెచ్చుకుంటుంటే నా కళ్ళు నిండాయి. పుట్టిల్లు విడవబోతున్న బెంగ అనుకున్నారందరూ.

తర్వాత సిగ్గు చంపుకుని, నాకూ నేర్పమని వదినను అడిగాను. ఆమె నా దోసిట్లో పిక్కలు పోసింది.

"సల్లినాక సెయ్యి పెట్టొద్దు పాపా. యాడ పడినవి ఆడనే ఉండనీ," అంది.

చల్లాను. ఒక పిక్క కాగితం అంచు మీద సగం బయటికి ఆగింది. వేలితో లోపలికి జరిపాను. దానికి సరిపోయేలా మరొకటి, ఆ రెండింటికోసం ఇంకొకటి. చూస్తుండగానే పిక్కలన్నీ బడిపిల్లల్లా వరుస కట్టాయి. వదిన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అలా వదిలెయ్యగలిగే గుండె ఆమెకెలా వచ్చిందో, నాకెందుకు రాలేదో అని పెళ్ళయి వచ్చాక కూడా కుమిలేదాన్ని. పుట్టింటికి వెళ్ళిన ప్రతిసారీ ముందు ఆమె కాగితాలే వెతికి చూసి, ఇంటికొచ్చి పోటీగా గీసేదాన్ని.

ఇప్పుడు చీరల డిజైన్లన్నీ కంప్యూటర్లలోనే పుడుతున్నాయట. బాగానే ఉంటున్నాయి, చూసి పక్కన పెట్టేస్తాను. వాటిని చూసి రాత్రి నిద్ర పట్టకపోవడమంటూ లేదు. వదిన పోయాక నేను మళ్ళీ పెన్సిలు పట్టలేదు. ఆమెను మించాలని కాక ఇంకెందుకు గీసేదాన్నో నాకు గుర్తు రావడం లేదు.