తారీఖు సరిచేయని మా యాదగిరి మామ

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "మామ పోయిండే" అంది.

మొన్నే కదా, బజార్లో నన్ను చూసి మొహం తిప్పుకుని పోయాడు!

యాదగిరి మామ అంటే అమ్మ తమ్ముడు. ఛత్రినాకలో నెట్ సెంటర్ నడిపేవాడు. నిన్నటి నుంచి అందరూ "గ్రేట్ సోల్", "గోల్డెన్ హార్ట్" అని పోస్టులు పెడుతున్నారు.

పెట్టుకోండి. నాకు మాత్రం ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

ఆ సెంటర్‌లో కస్టమర్ల టైమ్ చూసే సాఫ్ట్‌వేర్ ట్రయల్ వెర్షన్. ఛస్తే కొనడు. గడువు దగ్గరపడగానే అన్ని సిస్టమ్స్‌లో తారీఖు వెనక్కి తిప్పేవాడు. తిప్పీ తిప్పీ ఆయన కంప్యూటర్లన్నీ ఎప్పుడూ ఏడాది వెనకే ఉండేవి.

దాంతో ఏ సెక్యూర్ సైట్ తెరిచినా సర్టిఫికెట్ ఎర్రర్. సైట్ అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ మీది తేదీ ఇంకా రానేలేదని బ్రౌజర్ గోల.

మామ దగ్గర అన్నిటికీ ఒకటే మందు. "ఎస్ కొట్టు, లోపటికి పో. ఏం గాదు."

నాకు అయింది.

కొన్నేళ్ల కిందటి మాట. బ్యాంకు ఉద్యోగానికి అప్లై చేయడానికి ఆఖరి రోజు అది. అంతకుముందంతా సైట్ బిజీ. సాయంత్రం ఐదింటికి క్లోజ్. నాకు వయసు దాటిపోతోంది, మళ్లీ ఛాన్స్ లేదు.

మామ సెంటర్‌లో కూర్చుని ఎన్నిసార్లు ఎస్ కొట్టినా పేజీ కదల్లేదు. స్క్రీన్ మూలన తారీఖు చూసి మామను బతిమాలాను.

"మామా, ఈ ఒక్క సిస్టమ్‌ల తారీఖు సరిగ్గ పెట్టు."

"పెడితే టైమర్ లాకయితది. గిరాకీ అంత లేచిపోతది. నీ ఒక్కదాని కోసం దుకాణం బంద్ జెయ్యాల్నా? ఆ సైటే ఖరాబున్నది, ఫికర్ చెయ్యకు."

నేనే మార్చబోతే మౌస్ లాక్కున్నాడు. అందరి ముందు.

ఏడుస్తూ ఆటో ఎక్కి పత్తర్‌గట్టిలో ఇంకో సెంటర్‌కు పోయాను. చార్మినార్ దగ్గర ట్రాఫిక్.

అక్కడ పేజీ ఒక్క క్లిక్‌కే తెరుచుకుంది. ఏ ఎర్రరూ లేదు.

దరఖాస్తుల గడువు ముగిసింది అని ఉంది.

ఆ రోజే మామ ఇంటికొచ్చి అమ్మతో ఏమన్నాడో తెలుసా?

"సదివింది గని, దీనికి కంప్యూటర్ అస్తలేదక్కా."

అమ్మ నమ్మింది. ఇప్పుడు నేను స్కూల్లో కంప్యూటర్ టీచర్ని. అయినా నమ్ముతూనే ఉంది.

చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని బోనాలు చూపించింది కూడా ఈ మామే. పరాయివాడైతే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

నిన్న పాడె దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇగనన్న మాఫ్ చెయ్యి బిడ్డా" అంది.

మామ ముఖం చూశాను.

ఒక్కసారి, అమ్మ ముందర, "తప్పు నా మెషీన్‌దే" అని ఉంటే నీ సొమ్మేం పోయేది మామా?

వెళ్లిరా. నీకు శాంతి దొరకాలి.

మాఫీ కూడా దొరికేది, అడిగి ఉంటే.