జలాంతర్గామి హోరు ఆగినప్పుడు

మధ్యాహ్నం అల్లూరులో మా రొయ్యల చెరువు గట్టున షెడ్డులో కూర్చుని ఫోన్‌లో దెయ్యాల ఆట ఆడుతున్నాను. పాతకాలం వీడియో గేముల్లా గళ్లగళ్ల బొమ్మలు, జలాంతర్గామిలో మనం ఒక్కళ్లమే. ఇంజిన్ హోరు ఆగిందంటే దెయ్యం తలుపు అవతలికి వచ్చేసినట్టు. కదిలితే చచ్చినట్టే.

హోరు ఆగింది. ఊపిరి బిగబట్టి, వేలు కూడా కదపకుండా కూర్చున్నాను.

గట్టు చివరి నుంచి మా మామ కేకేశాడు. "అమ్మాయ్, కరెంటు పోయింది! జనరేటర్ వెయ్యకుండా ఏం చేస్తుండావు?"

"కదలకూడదు మామా, వచ్చేస్తది!"

"ఏంది వచ్చేది? గాలాడక రొయ్యలు పైకి తేల్తుండాయి!"

ఫోన్ చూశాను. పొద్దున చర్చిలో సౌండ్ తీసేశాను, అలాగే ఉంది. ఇంతసేపూ నేను విన్న ఇంజిన్ హోరు చెరువులో నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లది! కరెంటు పోయి ఆగింది అవే. అసలు భయం అప్పుడు పట్టుకుని జనరేటర్ దగ్గరికి పరిగెత్తాను. అది ఒక పట్టాన స్టార్ట్ కాలేదు కూడా.

చివరికి అది అందుకుని ఏరియేటర్లు తిరిగాక రొయ్యలు మళ్లీ అడుక్కి దిగాయి. ఆట ఫోన్‌లోంచి తీసేశాను. ఇది రాస్తున్నా చెవి మాత్రం చెరువు వైపే ఉంది. రొయ్యలు పెంచేవాళ్లూ, మీరే చెప్పండి, ఆ హోరు ఆగడం కన్నా భయపెట్టే ఆట ఇంకేదైనా ఉందా?