తలుపు సగమే తెరుచుకునే ఇల్లు

టీవీ కొనడానికి పోతూ షఫీయుద్దీన్ జేబులో ఒక సుతిలి తాడు పెట్టుకున్నాడు. తాడుకు రెండు ముడులు. ఈ ముడి నుంచి ఆ ముడికి ఎంత దూరమో, అతను ఇరవై ఆరేళ్ళు నడిపిన లారీ ముందు అద్దం అంత వెడల్పు.

పేట్ బషీరాబాద్ రోడ్డు మీది షోరూంలో శ్రీనివాస్ అనే సేల్స్‌మన్ ఎదురొచ్చి, "ఎన్ని ఇంచులు చూస్తున్నరు అంకుల్?" అన్నాడు. షఫీయుద్దీన్ తాడు తీసి ఒక ముడి అతని చేతిలో పెట్టి, రెండో ముడి పట్టుకుని వెనక్కి నడిచాడు. తాడు రెండు టీవీలు దాటి వాషింగ్ మెషీన్ దగ్గర ఆగింది.

"గింత కావాలె."

"గింత టీవీ మా ఓనర్ ఇంట్ల గూడ లేదంకుల్."

వెంట వచ్చిన కూతురు తూబా అప్పటికే ఫ్రిజ్‌ల వైపు జరిగి, ఫ్రిజ్ కొనడానికి వచ్చిన పిల్లలా నిలబడింది. కొంపల్లిలో డిగ్రీ చదువుతుంది. తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తే రేపు కాలేజీలో తాడు ముచ్చటే నడుస్తుంది.

షఫీయుద్దీన్ కాసేపు ఆలోచించి తాడును సగానికి మడిచాడు. "సరే. డ్రైవర్ దిక్కు సగమిస్తె సాలు. క్లీనర్ దిక్కు అద్దం మనకెందుకు?"

సగం తాడుకు సరిపోయే టీవీలు నాలుగున్నాయి. నాలుగింటిలోనూ చిలకలు ఎగురుతున్నాయి.

"రోడ్డు పెట్టు."

"రోడ్డు లేదంకుల్. చిలకలు సూడుండ్రి, రంగులెట్లున్నయో."

"చిలకల మీద లారీ నడపాల్నా?"

మొదటిది అద్దంలా మెరిసేది. ఎదుట నిలబడితే చిలకల మధ్య తన గడ్డమే కనబడింది. రాత్రిపూట ఎదురు బండి లైటు కళ్ళలో పడితే ఎలా ఉంటుందో తెలిసినవాడు కాబట్టి దాన్ని ఒక్క మాటతో పక్కన పెట్టాడు. మెరుపు లేని తెర ఒకటి మూలకుంది. దానికి తూబా తన లాప్‌టాప్ తగిలించి, సంచిలోంచి ఆట స్టీరింగ్, పెడళ్ళు తీసింది. షఫీయుద్దీన్ షోరూం స్టూలు మీద కూర్చుని కొంచెం దూరం నడిపి, బ్రేకు తొక్కి, తల అడ్డంగా ఊపాడు.

"తొక్కిన తరువాత పడుతాంది. బ్రేకు లైనర్లు పోయినయి."

టీవీకి లైనర్లేమిటో శ్రీనివాస్‌కు అర్థం కాలేదు. తూబాకు అర్థమైంది. "ఆట మోడ్‌ల పెట్టుండ్రి భయ్యా, బొమ్మ లేటుగ వస్తాంది," అంది. రిమోట్‌లో ఏదో నొక్కారు. షఫీయుద్దీన్ మళ్ళీ తొక్కాడు.

"ఇగ పట్టింది. గిదే ప్యాక్ చెయ్యి."

ఇదంతా 2013 సెప్టెంబరులో. అంతకు నాలుగు నెలల ముందు, ఎండల్లో, మేడ్చల్‌లో తన ఇంట్లో అన్నం తింటూ షఫీయుద్దీన్ పక్కకు ఒరిగిపోయాడు. సికింద్రాబాద్‌లో పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేసి, రెండు కళ్ళూ బాగున్నాయని, అయితే మెదడులో ఎడమవైపును చూసే చోట నరం దెబ్బతిందని, ఏ కంటితో చూసినా ఎడమ సగం కనబడదని, బండి నడపొద్దని చెప్పాడు. ఇందులో షఫీయుద్దీన్‌కు వినబడింది మొదటి ముక్కే. "రెండు కండ్లు మంచిగున్నయని డాక్టరే అన్నడు," అని బజారంతా చెప్పుకున్నాడు.

లారీ యజమాని మునావర్ సేఠ్ మాత్రం తాళంచెవి తీసేసుకున్నాడు. షఫీయుద్దీన్ రోజూ పోయి యార్డు ముందు నిలబడితే విసిగి, "బక్రీద్ అయినంక సోమవారం రా. శామీర్‌పేట యార్డుల డ్రమ్ములు నిలవెడ్త. ఒక్కటి తగలకుంట బండి తిప్పినవనుకో, తాళంచెవి నీదే," అన్నాడు.

అందుకే ఈ ఆట. లారీ నడిపే ఆట ఒకటి ఉందని, మన లెక్కనే ఎడమ పక్క నడిచే దేశం ఎంచుకోవచ్చని తూబా చెప్పింది. లాప్‌టాప్ మీద మొదటి సాయంత్రమే పద్నాలుగు యాక్సిడెంట్లయ్యాయి. ఇరవై ఆరేళ్ళలో ఒక మేకను కూడా గుద్దని మనిషి. తెర చిన్నగా ఉందని తేల్చాడు. అలా వచ్చింది పెద్ద టీవీ.

బిగించడానికి వచ్చిన మనిషి హాలు నాలుగు మూలలా చూసి, "పడమటి గోడ ఖాళీగున్నది, గాడ పెడుదమా?" అన్నాడు.

"అటొద్దు!" అని మొగుడూ పెళ్ళాం ఒక్కసారే అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఇద్దరూ కలిసి అన్న మాట అదొక్కటేనేమో. నమాజుకు నిలబడే దిక్కు అది. అటు టీవీ పెట్టుకుని దాని ముందు మొక్కాలా, అటు కాళ్ళు చాపుకుని బ్రేకులు తొక్కాలా?

తూర్పు గోడే మిగిలింది. గోడకు బిగించకుండా చక్రాల స్టాండు మీద పెట్టారు. టీవీకి ఎదురుగా కూర్చుంటే ఎడమ చేతికి ఉత్తరపు కిటికీ, కిటికీ కింద అతని భార్య షహర్ బాను కుట్టుమిషన్. కుడి చేతికి వీధి తలుపు. ఆ ఏడు దసరా, బక్రీద్ మూడు రోజుల తేడాతో వచ్చాయి. షహర్ బాను మిషన్ పక్కన సగం వాడకట్టు జాకెట్లు, మిగతా సగం వాడకట్టు కమీజులు గుట్టపడి ఉన్నాయి.

సోఫా కిందికుందని షఫీయుద్దీన్ దాన్ని వంటింటి గోడకు తోయించాడు. పద్నాలుగేళ్ళు అతని బండికి క్లీనర్‌గా చేసి, ఇప్పుడు రావల్‌కోల్‌లో కూరగాయలు పండిస్తున్న లింగం పాత లారీల దుకాణం నుంచి ఒక డ్రైవర్ సీటు ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. ఎనిమిది సిమెంటు ఇటుకల మీద దాన్ని నిలబెట్టారు. షఫీయుద్దీన్ టీవీ మీద 786 స్టిక్కర్ అంటించాడు. లింగం కింద నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు.

"పర్మిటు, ఇన్సూరెన్సు గూడ అంటించుండ్రి," అంది షహర్ బాను, మిషన్ ఆపకుండా.

మొదటి రోజే ఎడమ సందులోంచి వచ్చిన బస్సు లారీని గుద్దింది. అంటే, బస్సే గుద్దిందని షఫీయుద్దీన్ మాట.

"కిటికీ వెలుగు పడుతాంది, బానూ. పర్దా ఎయ్యి."

"పర్దా ఏస్తె సూదిల దారమెట్ల ఎక్కాలె? నీ లారీ హెడ్‌లైట్ ఏస్తవా?"

రెండు రోజులు వాదించుకుని పర్దా వేశారు. మిషన్ వంటింటి గుమ్మం దగ్గరికి పోయింది. మూడో రోజు లారీ ఎడమ పక్కనున్న కరెంటు స్తంభం ఎక్కింది. ఈసారి తప్పు టీవీది. ఎడమకు జరిగి ఉందట. స్టాండు కుడికి జానెడు తోశాడు. మరునాడు పాల వ్యాన్. ఇంకో జానెడు. ఆ తరువాత ఒక గోడ, ఒక పోలీసు జీపు, మళ్ళీ అదే గోడ. ఒక్కొక్క దెబ్బకూ టీవీ ఒక్కొక్క జానెడు వీధి తలుపు వైపు నడిచింది. సీటు కిటికీ వైపు తిరుగుతూ వచ్చింది. నడుమ కరెంటు పోతే షఫీయుద్దీన్ దిగేవాడు కాదు. "తూబా, బండి నడిరోడ్డు మీద ఆగింది, వెనుక కొమ్మలు పెట్టు," అనేవాడు. తూబా తన గదిలోంచే, "పెట్టిన అబ్బా," అనేది.

దసరా వారంలో స్టాండు తలుపుకు తగిలింది. అప్పటి నుంచి తలుపు సగమే తెరుచుకునేది. ఆకుకూరల ఐలమ్మ గంప వాకిట్లో దించి, తాను అడ్డంగా దూరి లోపలికి వచ్చేది.

"ఏందమ్మ గిది? జాకెట్ కొలతలిచ్చెతందుకు గూడ ఊపిరి బిగవట్టి రావాల్నా?"

"బండి తలుపు కడ పార్కు చేసిండు," అంది షహర్ బాను.

ఆమె చూస్తున్నది టీవీని కాదు. ఎండాకాలం నుంచి ఒక సంగతి గమనిస్తోంది. కంచంలో కుడి పక్క అన్నం తుడిచిపెట్టినట్టు తిని, ఎడమ పక్క అన్నం, కూర ముట్టకుండా భర్త చెయ్యి కడుక్కోబోతాడు. అప్పుడామె మాట్లాడకుండా కంచం గిర్రున తిప్పి పెడుతుంది. "మల్ల పెట్టినవా? మస్తు పెడుతున్నవ్," అంటూ ఆ సగమూ తింటాడు. ఐదు నెలలుగా ఆమె కంచం తిప్పుతోంది, నోరు విప్పలేదు. ఒక మధ్యాహ్నం అతను నమాజుకు పోయినప్పుడు కుట్టుపని టేపు తీసి హాలు కొలిచింది. టీవీ ఐదు జానలు జరిగింది. సీటులో తానే కూర్చుని చూసింది. మొగుడు లారీ నడిపేది టీవీ వైపు మొహం పెట్టి కాదు, మూసిన కిటికీ వైపు మొహం పెట్టి.

బక్రీద్ పోయింది. శనివారం పొద్దున లింగం టమాటలు ఇవ్వడానికి వచ్చి, తలుపులో ఇరుక్కుని, ఇవతల పడ్డాడు. సోమవారమే యార్డులో పరీక్ష. షఫీయుద్దీన్ అతన్ని ఎడమ పక్క స్టూలు మీద కూర్చోబెట్టి, "క్లీనర్ లేక తప్పు పోతాంది. ఇగ చూడు," అన్నాడు.

నిజంగానే చూడదగ్గట్టు నడిపాడు. లింగం చెయ్యి గోడ మీద పెట్టి పాత అలవాటు కొద్దీ కొడుతున్నాడు. ఒక్క దెబ్బకు ఆగాలి, రెండు దెబ్బలకు పోవాలి. "ఎడమకు ఆటో, ఉస్తాద్. సైకిల్. ఆపు, ఆపు. ఆఁ, పోనీ." ముప్పావు గంటలో ఒక్క గీత పడలేదు. తూబా గది నుంచి వచ్చి చప్పట్లు కొట్టింది. షఫీయుద్దీన్ తొడ చరుచుకున్నాడు.

"చూసినవా బానూ? సోమవారం నాడు తాళంచెవి తెచ్చి నీ చేతుల పెడత."

షహర్ బాను చాయ్ తెచ్చి సాసర్‌తో లింగం చేతికి ఇచ్చింది. "తాగు లింగమన్నా. తాగేటప్పుడు మాట్లాడొద్దు. గోడ గూడ కొట్టొద్దు." ఆమె మొహం చూసి లింగం తలవంచి సాసర్‌లో చాయ్ పోసుకున్నాడు.

లారీ వంతెన దిగింది. దూరాన ఎడమ నుంచి పసుపుపచ్చ క్రేన్ ఒకటి మెల్లగా, అందరికీ కనబడేట్టు వస్తోంది. లింగం చాయ్ ఊదడం ఆపేశాడు. తూబా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. షఫీయుద్దీన్ హాయిగా హారన్ కొడుతూ పోయి దాన్ని గుద్దాడు.

"అరే! యాడికెళ్ళి వచ్చిందిది?"

లింగం షహర్ బాను వైపు చూశాడు.

"చెప్పు లింగం. యాడికెళ్ళి వచ్చింది?"

"వంతెన దిగినప్పటి సంది వస్తనే ఉన్నది, ఉస్తాద్."

షఫీయుద్దీన్ తెర వైపు చూశాడు. లేచి టీవీని పట్టుకుని కుడికి తోయబోయాడు. కదలలేదు. కుడికి తలుపే ఉంది.

"టీవీ ఐదు జానలు పోయింది," అంది షహర్ బాను. "టేపు పెట్టి కొలిచిన. ఇంకొక్క దెబ్బ తగిలితె ఐలమ్మ ఇంట్ల పెట్టుకొని నడపాలె. గోడకా రోగం, టీవీకా, కిటికీకా? ఒక్కటన్న మిగిలిందా తప్పు మోపెతందుకు?"

అతను సీటులో కూర్చున్నాడు. లింగం వైపు తిరిగాడు.

"నువ్వు కూడ బండెక్కితె నడుస్తది గదా?"

"నడుస్తది ఉస్తాద్. కూరగాయలు ఇడిచిపెట్టి వస్త."

"నిజం చెప్పు. పద్నాలుగేండ్లల్ల ఆదిలాబాద్ దాటినంక నువ్వు ఎన్నడన్న మేల్కొని ఉన్నవా?"

లింగం నిజాయితీగా గుర్తు చేసుకున్నాడు. సాసర్‌లో చాయ్ మీద మీగడ కట్టింది.

"లేదు ఉస్తాద్. ఒక్కసారి లేచిన. అది గూడ టైరు పగిలితె."

షఫీయుద్దీన్ ఫోన్ తీసి మునావర్ సేఠ్‌కు కలిపాడు.

"సేఠ్ సాబ్, సోమవారం నేను వస్తలేను. డ్రమ్ములు నిలవెట్టకుండ్రి."

"ఎందుకు రా? అయ్యో అమ్మో అని నా పాణం తీస్తివి గదా?"

"ఎడమ దిక్కుయి నాకు కనిపిస్తలెవ్వు."

ఆ మాట అతని నోటి నుంచి రావడం అదే మొదలు.

"నాకు ఎరుకే షఫీ," అన్నాడు సేఠ్. "డ్రమ్ములన్నీ ఎడమ దిక్కే నిలవెట్టి ఉంచిన."

ఫోన్ పెట్టేసి షఫీయుద్దీన్ సేఠ్‌ను దక్నీలో రెండు మాటలు తిట్టాడు. తరువాత లింగంతో కలిసి స్టాండును ఐదు జానలు వెనక్కి తోశాడు. తలుపు గోడకు కొట్టుకునేంత తెరుచుకుంది. పర్దా లేచింది. మిషన్ తన చోటికి, సీటుకు ఎడమ పక్కకు, వచ్చి కూర్చుంది. సీటు మాత్రం ఇటుకల మీదే ఉంది. టీవీని షోరూం వాళ్ళు తిరిగి తీసుకోరు. ఆటకైతే సేఠ్ అనుమతి అక్కర్లేదు. షహర్ బాను జాకెట్లు కుడుతూ, ఒక కన్ను తెర మీద వేసి, కత్తెరతో మిషన్ చెక్క మీద కొట్టేది. ఒక్క దెబ్బకు ఆగాలి. లింగం కంటే గట్టిగా కొట్టేది, పైగా నిద్రపోయేది కాదు.

ఆ శనివారం రాత్రి అన్నం తిని, చెయ్యి కడగబోతూ ఆగి, షఫీయుద్దీన్ తన కంచాన్ని తనే తిప్పుకున్నాడు. షహర్ బాను గిన్నె సర్దుతూ చూసింది. అటు పక్క కాకరకాయ కూర ఉంది. అతను కూర వైపు చూసి, భార్య వైపు చూసి, కంచం మళ్ళీ మొదటి లాగే తిప్పి పెట్టాడు.

"అది నాకు కనిపియ్యలే," అన్నాడు.