కుడివైపు తగ్గిన పాట

2012 ఫిబ్రవరిలో నన్ను హైదరాబాద్ నుంచి కామారెడ్డికి బదిలీ చేశారు. నేను పనిచేసే సేవాసంస్థ అక్కడ వినికిడి పరీక్షా కేంద్రం కొత్తగా తెరిచింది. నా హోదా సీనియర్ ఆడియోమెట్రిస్ట్. వినికిడిని కొలిచి, కాగితం మీద గీత గీసి డాక్టరుకు అందించడం మా పని. జబ్బు పేరు చెప్పే అధికారం మాకు లేదు. ఏ చెవికి ఎంత వినబడుతోందో అంతవరకే చెబుతాం. ఈఎన్‌టీ డాక్టరు వారానికి రెండు రోజులు నిజామాబాద్ నుంచి వచ్చేవారు. మిగతా రోజుల్లో నేను, ఒక అటెండరు, పరీక్ష యంత్రం, బయటి శబ్దం చొరబడని చిన్న గది. నెలకొకసారి ఎల్లారెడ్డిలో శిబిరం పెట్టేవాళ్లం.

ఆ ఏడాది అక్టోబరులో ఒక మధ్యాహ్నం నలభై ఏళ్ల మనిషి రెండు స్మార్ట్‌ఫోన్లు, ఒక హెడ్‌ఫోన్ పట్టుకుని వచ్చాడు. పేరు గౌస్. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు. పేషెంటుగా రాలేదు, కాబట్టి ఓపీ చీటీ తీసుకోలేదు. ఏం కావాలని అడిగాను.

“మేడం, మీ దగ్గర సప్పుడు కొలిచే మిషన్ ఉంటదట కద. ఈ రెండు సెట్లల్ల ఏది మంచిగ పాడుతదో కొలిచి, కాయితం మీద రాసియ్యుండ్రి.”

విషయం నిదానంగా చెప్పాడు. అప్పటికి స్మార్ట్‌ఫోన్లు ఆ ప్రాంతానికి కొత్త. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు, కాలేజీ పిల్లలు, పాటల పిచ్చి ఉన్న ట్రాక్టరు డ్రైవర్లు ఫోన్ కొనేముందు గౌస్ అభిప్రాయం అడిగేవారు. అతని చెవి మీద జనానికి గురి. నస్రుల్లాబాద్ నుంచి కూడా వచ్చేవారట. పోల్చి చూడడానికి అతనికో పద్ధతి ఉంది. ఒకే మెమరీ కార్డు, ఒకే పాట, ఒకే హెడ్‌ఫోన్. మారేది ఫోన్ మాత్రమే. అన్నిటికంటే ముందు రెండు ఫోన్ల శబ్దాన్ని ఒకే స్థాయికి తెస్తాడు. ఎందుకంటే కొంచెం గట్టిగా మోగేదే మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ సంగతి మా శిక్షణలో చాలా ఆలస్యంగా నేర్పారు. అతను దుకాణంలో కూర్చుని తనంతట తాను తెలుసుకున్నాడు.

“కొత్తగ వచ్చే సెట్లన్నీ కుడిదిక్కు తక్కువ పాడుతున్నయి మేడం. డోలు వినొస్తది, గజ్జెలు రావు. నేను వాపసు పంపుతున్న. సేఠేమో సెట్లు మంచిగనే ఉన్నయి, నీకే చాదస్తమంటుండు.”

సేఠ్ అంటే కామారెడ్డిలో అతనికి సరుకిచ్చే టోకు వ్యాపారి. పన్నెండేళ్ల స్నేహం. గౌస్ ఆ ఏడాదిలో పదిసార్లు ఫోన్లు తిప్పి పంపాడు. చివరికి సేఠ్ సరుకు ఆపేస్తానన్నాడు. ఆ రోజు గౌస్ బస్సెక్కి వచ్చింది తన మాటకు సాక్ష్యం కోసం.

నాకు ఆసక్తి కలిగింది. పరీక్ష యంత్రం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి మా దగ్గర శబ్దాన్ని కొలిచే మీటరు ఒకటి ఉండేది. గౌస్ మెమరీ కార్డులోకి మా యంత్రం స్వరాలను రికార్డు చేసి ఎక్కించాను. హెడ్‌ఫోన్ ఒక్కో వైపునూ మీటరుకు ఆనించి, రెండు ఫోన్లనూ స్వరం తర్వాత స్వరంగా కొలిచాను. పని గంటన్నర పట్టింది. రెండు ఫోన్ల మధ్య సన్న స్వరాల్లో కొద్ది తేడా ఉంది. కానీ ఏ ఫోన్‌లోనూ కుడికీ ఎడమకూ తేడా లేదు.

అంకెలు కాగితం మీద రాసి, సంతకం చేసి ఇచ్చాను. గౌస్ కాగితం తీసుకుని చూశాడు.

“మీ మిషన్ పాట వినదు కద మేడం,” అన్నాడు.

కోపంగా అన్న మాట కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నమస్కారం చేసి వెళ్లిపోయాడు. నేను చక్కగా కొలిచానన్న తృప్తితో మీటరు బీరువాలో పెట్టి తాళం వేశాను. చెవులు పరీక్షించే గదిలో గంటన్నర కూర్చున్న మనిషి చెవులను పరీక్షించాలని నాకు తోచలేదు. ఓపీ చీటీ లేదు కాబట్టి అతను నాకు పేషెంటుగా కనబడలేదు.

నాలుగు నెలల తర్వాత, 2013 ఫిబ్రవరిలో, ఎల్లారెడ్డి శిబిరం మధ్యాహ్నానికే ముగిసింది. బస్సుకు ఇంకా సమయం ఉంది. నా ఫోన్‌కు ఇయర్‌ఫోన్ కావలసి గౌస్ దుకాణానికి వెళ్లాను. అరలు సగం ఖాళీగా ఉన్నాయి. సేఠ్ అన్నంత పనీ చేసినట్టున్నాడు. గల్లా దగ్గర గౌస్ భార్య షాహీన్ రీచార్జి కూపన్లు సర్దుతోంది. గౌస్ నన్ను గుర్తుపట్టి చాయ్ చెప్పాడు.

అప్పుడే మాచారెడ్డి నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములకు అతను రెండు ఫోన్లు పోల్చి చూపుతున్నాడు. నేను స్టూలు మీద కూర్చుని చూశాను. హెడ్‌ఫోన్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ లోపలి గుర్తు వెతికేవాడు. కుడి అని రాసి ఉన్నది కుడి చెవికే పెట్టేవాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. అన్నదమ్ములు తలో ఫోన్ విని రెండూ బాగున్నాయన్నారు. గౌస్ తల అడ్డంగా ఊపి, కొత్తదానికి కుడిదిక్కు బలం లేదన్నాడు. వాళ్లు మొహామొహాలు చూసుకుని మళ్లీ వస్తామని వెళ్లిపోయారు.

“గౌస్ భాయ్, మీరు సొంతంగా వాడే పాత ఫోన్ ఎట్లుంది?” అని అడిగాను.

“అది గూడ ఇప్పుడు కుడిదిక్కు పోయింది మేడం. ఐదేండ్ల సెట్టు, అరిగిపోయింది.”

కొత్తవీ పాతదీ ఒకే పక్క పోయాయంటే తప్పు ఫోన్లది కాదనిపించింది. హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకోమన్నాను, కుడిది ఎడమ చెవికి, ఎడమది కుడి చెవికి. అది తప్పు పద్ధతి అన్నాడు. ఒక్కసారి నా కోసం పెట్టుకోమన్నాను. పెట్టుకుని పాట మొదలుపెట్టాడు. తీసి గుర్తు చూసి, సరిగ్గా పెట్టుకుని విన్నాడు. మళ్లీ తిరగేశాడు. రెండో ఫోన్ తీసుకుని అదే చేశాడు. నాలుగోసారి హెడ్‌ఫోన్‌ను గల్లా మీద పెట్టేశాడు.

“ఎట్ల తిప్పినా నా కుడి చెవికే తక్కువొస్తుంది. ఫోన్ కాదు మేడం,” అన్నాడు. “నేనే.”

షాహీన్ కూపన్లు వదిలేసి ఇటు తిరిగింది.

“ఏడాది సంది గిట్లనే ఉన్నడు మేడం. కుడిదిక్కు నుంచి పిలిస్తే పలుకడు. నా మీద ఏదో మనసుల పెట్టుకున్నడనుకున్న. మా అమ్మగారింటికి గూడ పోయి పది రోజులు ఉండి వచ్చిన.”

గౌస్ ఆమె వైపు చూశాడు. “నువ్వు పిలిచినవా?” అని మాత్రం అడిగాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. నేను సోమవారం ఇద్దరినీ కామారెడ్డి రమ్మని చెప్పి బస్సెక్కాను.

సోమవారం ఓపీ చీటీ రాయించి, అతన్ని గదిలో కూర్చోబెట్టాను. మా హెడ్‌ఫోన్‌లో ఎరుపు కుడి చెవికి, నీలం ఎడమ చెవికి. స్వరం వినబడగానే మీట నొక్కాలి. ఒక చెవి బాగుండి మరొకటి మందగించినప్పుడు, మంచి చెవి తలలోంచి శబ్దాన్ని అందుకుని రెండోదానికి బదులు పలుకుతుంది. అందుకే మంచి చెవికి హోరు వినిపిస్తూ రెండోదాన్ని పరీక్షిస్తాం. గౌస్ ఎడమ చెవి పాతికేళ్ల కుర్రవాడి చెవిలా ఉంది. కుడి చెవి గీత గజ్జెల చప్పుడు లాంటి సన్న స్వరాల దగ్గర నిటారుగా కిందికి దిగింది, అంటే అవి దానికి అందడం లేదు. అది ఒక్కటే అయితే అంత కంగారు పడేదాన్ని కాదు. తర్వాత మాటల పరీక్ష పెట్టాను. కుడి చెవికి చిన్న చిన్న మాటలు వినిపిస్తే శబ్దం అందుతోంది, మాట అర్థం కావడం లేదు. చివరగా ఒకే స్వరాన్ని ఆపకుండా వినిపించాను. మామూలు చెవి దాన్ని నిమిషంపాటు వింటూనే ఉంటుంది. గౌస్ కుడి చెవికి పదిహేను సెకన్లలో అది మాయమైంది. లోపం చెవిలో కాక చెవి నుంచి మెదడుకు పోయే నరంలో ఉందేమోనని అనుమానించడానికి ఆ రోజుల్లో మా చేతిలో ఉన్న గుర్తు అదే.

ఏమైందని గౌస్ అడిగాడు. డాక్టరు చెబుతారన్నాను. అది నిబంధన. ఆ రోజు ఆ నిబంధన చాటున దాక్కున్నానని కూడా ఒప్పుకోవాలి.

డాక్టరు గీత చూసి స్కానింగుకు హైదరాబాద్ పంపారు. కుడి చెవి నరం మీద గోళీ అంత గడ్డ ఉంది. క్యాన్సరు కాదు. కానీ వదిలేస్తే పెరిగి మెదడును నొక్కుతుంది. ఏప్రిల్‌లో ఆపరేషన్ చేసి తీసేశారు. కుడి చెవిలో మిగిలిన వినికిడి కూడా దానితోపాటే పోయింది. ముఖం ఒక పక్కకు లాగి మూడు నెలల తర్వాత సర్దుకుంది. నడకలో తూలు తగ్గడానికి ఇంకొంత కాలం పట్టింది.

ఆ నాలుగు నెలల ఆలస్యం గురించి డాక్టరును విడిగా అడిగాను. ఇటువంటి గడ్డలు నెమ్మదిగా పెరుగుతాయి, ముందే దొరికినా చెవి దక్కేదో లేదో చెప్పలేమన్నారు. గౌస్‌కు కూడా నేను దాచలేదు. మొదటి రోజే మీ చెవి చూడవలసింది, చూడలేదు, తప్పు నాదన్నాను.

“నేను ఫోన్లు చూడమన్న, మీరు ఫోన్లు చూసిండ్రు,” అన్నాడు. క్షమించాడో, జరిగింది జరిగినట్టు చెప్పాడో నాకు తెలియలేదు.

నడవగలిగాక అతను చేసిన మొదటి పని సేఠ్ దగ్గరికి వెళ్లడం. స్కానింగు రిపోర్టు బల్ల మీద పెట్టి, మీ సెట్లు మంచివే, నాదే తప్పు అన్నాడట. సేఠ్ ఆ కాగితం చదవలేక పక్కనున్న మందుల దుకాణం ఆయనతో చదివించుకుని, ఆ సాయంత్రమే సరుకు పంపాడు. ఈ సంగతి షాహీన్ చెప్పింది. దుకాణంలో ఆమె కుర్చీ గౌస్‌కు ఎడమ పక్కకు మారింది. ఫోన్లు పోల్చే పని గౌస్ మానేశాడు. అడిగినవాళ్లకు హెడ్‌ఫోన్ ఇచ్చి, సొంతంగా వినమని, తర్వాత తిరగేసి పెట్టుకుని ఇంకోసారి వినమని చెబుతాడు. అట్లా విని ఇద్దరు తమ చెవులు చూపించుకోవడానికి కామారెడ్డి వచ్చారు. ఒకరికి చెవిలో గుబిలి పేరుకుంది, రెండో వ్యక్తికి చిన్నప్పటి చీము జబ్బు.

2014లో నేను పదవీ విరమణ చేశాను. గౌస్ సంగతి తర్వాత నేను పనిచేసిన కాలంలో నా పద్ధతిలో ఒక మార్పు చేసుకున్నాను. ఫోన్ సరిగా పలకడం లేదని, టీవీ శబ్దం తగ్గిందని, చెవి మిషన్ పాడైందని ఎవరు వచ్చినా, వస్తువును పక్కన పెట్టి ముందు మనిషిని గదిలో కూర్చోబెట్టేదాన్ని. పది నిమిషాల పని. చాలామంది చెవులు బాగానే ఉండేవి, నిజంగా వస్తువే పాడై ఉండేది. అయినా ఆ పది నిమిషాలు వృథా అనుకోలేదు. రెండు వస్తువులను పోల్చేటప్పుడు, పోల్చే మనిషి మూడో వస్తువు. దాన్ని కొలవకుండా మిగతా రెండింటి గురించి రాసిచ్చే కాగితం, అంకెలన్నీ సరైనవే అయినా, తప్పు కాగితమే. అలాంటిది ఒకటి నా సంతకంతో రాసిచ్చాను.