వరదలో రాజోలు: నాటకసమాజం అప్పుకి గడువడగడానికి వెళ్ళిన ప్రయాణం

అమలాపురం నుంచి రాజోలు వెళ్ళాలంటే ఇప్పుడు వంతెన మీదుగా బస్సుంది. ఎనభైల మొదట్లో గోదావరి పాయ వైనతేయని పడవ మీదే దాటాలి. అందులోనూ మేం వెళ్ళింది శ్రావణమాసం, ఎర్రనీరు గట్లొరుసుకుని పోయే రోజులు. సరదాకి ఎవడు దాటుతాడు? మా నాటకసమాజం అప్పు దాటించింది. కొత్త తెరలకీ, మైకుసెట్టుకీ రాజోలు కొబ్బరి వర్తకుడు సుబ్బరాజుగారు తక్కువ వడ్డీకి డబ్బిచ్చారు. "చందా ఇస్తే రెండాటలాడి పడుకుంటారండి. అప్పయితే తీర్చడానికైనా ఆడతారు" అన్నది ఆయన లెక్క. వాయిదా మాత్రం దింపుకోసారి అన్నారు. దింపంటే నెలన్నరకోసారి చెట్లెక్కి కాయలు దించడం. మేమూ కొబ్బరిచెట్ల మధ్య పుట్టినవాళ్ళమే కదా, ఆయ్ అనేశాం. వానల్లో చెట్టు కాస్తుంది గానీ నాటకం కాయదని ఒక్కడికీ తట్టలేదు! మా హార్మోనిస్టు దేవదానం మాస్టారు తన అరెకరం కొబ్బరితోట హామీ పెట్టారు. వాయిదా తప్పితే తోట పోతుంది. ఈ సంగతి వాళ్ళావిడ మరియమ్మగారికి తెలియదు.

వానలు పట్టాక ఒక్క ఆటా దొరకలేదు, వాయిదా మాత్రం ముంచుకొచ్చింది. గడువడుగుదామని సమాజం కార్యదర్శిగా నేనూ, మాస్టారూ తొలి బస్సుకి బయల్దేరాం. బోడసకుర్రు రేవుకి టిక్కెట్టు రూపాయిలోపే. మామూలుగా పావలా తీసుకునే పడవతను ఆవేళ అర్ధరూపాయి అన్నాడు.

"దాటగలమంటావా?" అని అడిగాను.

"ఆయ్, దాటొచ్చండి. కదలకుండా కూర్చోండి. దుంగలొస్తన్నాయండి" అన్నాడు.

ఏటి మధ్యకొచ్చేసరికి వేళ్ళతో సహా లేచిపోయిన చెట్టొకటి పడవని రాసుకుంటూ పోయింది. పడవ ఒరిగింది. ఓరి నాయనో అని మాస్టారి చెయ్యి పట్టుకున్నాను. ఆయన నీళ్ళకేసి చూడనే లేదు.

"మాకు భూమంటూ ఉన్నది అదొక్కటేనండి. మా నాన్నగారు కూలికెళ్ళి కొన్నారు" అన్నారు.

అంతదాకా నా ప్రాణం గురించే భయపడుతున్నాను. ఆ మాటతో తోట భయం కూడా తోడైంది.

అవతలి ఒడ్డున పాశర్లపూడిలో బస్సు పట్టుకుని రాజోలు చేరేసరికి భోజనాల వేళయింది. సుబ్బరాజుగారు ముందు విస్తళ్ళు వేయించారు. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. "ఏవండీ, కూర బాలేదాండీ?" అని వంటావిడ పాపం రెండుసార్లు అడిగింది. చేతులు కడుక్కున్నాక ఎలాగో నోరు పెగుల్చుకుని సంగతి చెప్పాను.

సుబ్బరాజుగారు ఎంతో మర్యాదగా విన్నారు. "తోట లాక్కుని నేనేం చేసుకుంటానండి? ఆటలు మళ్ళీ మొదలయ్యేదాకా వాయిదా ఆపుతాను. ఈలోగా మాస్టారి తోటలో దింపు మా వాళ్ళు తీసుకుంటారు, వడ్డీ కింద సరిపెట్టుకుందాం. న్యాయమేనాండి?"

"ఆయ్" అన్నారు మాస్టారు, వెంటనే.

అమ్మయ్య అనుకున్నాను. బయటికొచ్చాక చూస్తే ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"మనుషులొచ్చి చెట్లెక్కితే ఇంట్లో తెలిసిపోద్దండి" అన్నారు.

"ఈ రాత్రే చెప్పేయండి మాస్టారూ."

"ఏరు దాటడానికి ఇంత భయం వెయ్యలేదండి."

వానలు వెనకబట్టాక ఊరూరా ఆడాం. అప్పు తీరింది, తోట దక్కింది. చందాలు తిన్న రోజుల్లో మేమెప్పుడూ అన్ని ఆటలు ఆడలేదు కాబట్టి సుబ్బరాజుగారి లెక్క తప్పని అనలేను. కానీ కళ పేరు చెప్పి అందరం కలిసి చేసిన అప్పుకి నిద్రలేకుండా భయపడింది ఒక్క మనిషి. ఆయనా ఆ భయాన్ని ఇంట్లో చెప్పుకోలేకపోయారు. దింపు రోజున మరియమ్మగారు చెట్టుకింద నిలబడి "ఎవరు చెప్తే ఎక్కేరయ్యా మా చెట్టు?" అని అడిగారట. చెట్టు మీదున్న దింపువాడే ఆవిడకి అంతా చెప్పాడు.

మీ సమాజానికీ అప్పు తేవాలని ఎవరి గుమ్మమైనా ఎక్కబోతుంటే, హామీ ఉండేవారి ఇంటికి ముందు వెళ్ళి, ఆ ఇంటి ఇల్లాలి ఎదుట మాట్లాడండి. మరియమ్మగారు మళ్ళీ మా నాటకం చూడ్డానికి రాలేదు.