చల్లారాక చూడాల్సిన నూనె

జ్వరమైతే తగ్గింది కానీ, దాంతోపాటే పెద్దకోడలికి వాసన తెలియడం పోయింది. వేపుళ్ల కొట్టులో నూనె మంచిచెడ్డలు ముక్కుతో తేల్చే మనిషి ఆవిడ. సంగతి బయటపడితే అత్తగారు పొయ్యిని తోటికోడలికి అప్పగిస్తుంది, తనకు గిన్నెలు తోమడం మిగులుతుంది. అందుకే నోరు మెదపకుండా ముక్కు పనిని కంటికి అప్పజెప్పింది. కాగిన నూనెను గరిటెతో ఎత్తి పోసి, నీళ్లలా జారితే బాగున్నట్టే అనుకునేది.

అది రోజూ నీళ్లలాగే జారింది. వారం తిరక్కుండా ఒకాయన బంగాళాదుంప ముక్క నమిలి, "ఏమ్మా, వీటిని నూనెలో వేయించారా, తారులోనా?" అన్నాడు. అత్తగారు మూకుడు మీదికి వంగి వాసన చూసింది.

"నీకు తెలియలేదూ?"

"ముక్కు జ్వరంతోనే పోయిందత్తయ్యా."

చేతి మహిమ అనే మాట వినడానికి బాగుంటుంది కానీ, దానితో కొట్టు నడవదు, నూనెను తేల్చే పరీక్ష ఒకటి కావాలి. మర్నాడు పొయ్యి వెలిగించకముందే పెద్దకోడలు స్టీలు పళ్లెంలో కొత్త నూనె చుక్క ఒకటి, నిన్నటిది ఒకటి వేసి పళ్లెం వంచింది. కొత్తది చకచకా అంచు చేరింది. నిన్నటిది జిగురులా సగంలోనే ఉండిపోయింది.

"కాగితే రెండూ పలచగానే ఉంటాయత్తయ్యా. అక్కడే మోసపోయాను. చల్లారాక చూడాల్సింది."

అప్పటికే గరిటె పట్టుకుని నిలబడింది తోటికోడలు. అత్తగారు పళ్లేన్ని తనూ ఒకసారి వంచి చూసి, ఆ గరిటె లాక్కుని పెద్దకోడలి చేతిలో పెట్టింది.

"పాతది పారబొయ్యి. మాడు వాసనొస్తే నీ తోటికోడలు అరుస్తుందిలే. ఎలాగూ దానికి అరవడమంటే సరదా."