ముట్టుకోకు మామయ్య

"అది చెత్తండీ!"

"సాక్ష్యం."

"మూడు కాళ్ళ కుర్చీ దేనికండీ సాక్ష్యం?"

"నాలుగో కాలికి."

గోడ అవతలికి అత్తయ్య, మామయ్యల ఈ గొడవ వినిపించిందంటే మా మామయ్య ఇంట్లో తెల్లవారిందన్నమాట. ఆయనకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఏ వస్తువు విరిగినా, కాలినా, పేలినా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. బాగు చేయనివ్వడు, ఊడ్వనివ్వడు, పారేయనివ్వడు. వీధిలో ఆయన పేరే ముట్టుకోకు మామయ్య.

మా అమ్మకి అన్నయ్య. వృత్తి కుట్టుపని, ఇంటి ముందుగదే దుకాణం. చెప్పిన రోజుకి బట్టలివ్వకపోవడం తప్ప వేరే చెడ్డ అలవాటేమీ లేదు. అది వృత్తితో వచ్చింది కాబట్టి లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఇంట్లో ఏదైనా ఢామ్మని చప్పుడైతే చాలు, మిషను మీంచి లేచి, బట్టల మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో పరుగెత్తుకొస్తాడు. "ముట్టుకోకు!" అని కేకేసి, పడిన వస్తువు పడినట్టే ఉండగా దాని చుట్టూ గీత గీస్తాడు. ఫోటోలు తీస్తాడు. తనివి తీరాక దాన్ని గుడ్డలో చుట్టి, చక్కగా నాలుగు కుట్లు వేసి వెనకగదిలో పెడతాడు.

నేను కాలేజీ మధ్యలో వదిలేసి, మా నాన్న నోటికి దూరంగా ఉందామని ఈ ఇంటికి వచ్చిపడ్డాను. నాకా కాలు ఒకచోట నిలవదు. ఈ ఇంట్లోనా, అడుగేస్తే సుద్దగీత. అటు తిరిగితే "ముట్టుకోకు", ఇటు తిరిగితే "తొక్కకు". ఎక్కడికైనా పోదామని రోజూ అనుకునేవాణ్ణి. ఎక్కడికో తెలియక మళ్ళీ గీతలు దాటుకుంటూ తిరిగేవాణ్ణి.

ఒకసారి ఇంటికొచ్చిన చుట్టం చేతిలో టీ కప్పు చెవి ఊడింది. కప్పు చుట్టూ గీత పడింది. అక్కడితో ఆగితే మామయ్య ఎందుకవుతాడు? "మీరు కదలకండి" అని ఆయన రెండు పాదాల చుట్టూ కూడా గీశాడు. పాపం ఆ చుట్టం టీ తడితో అలాగే నిలబడి, "మరి నేను కూర్చోవచ్చా అండీ?" అని అడిగాడు. మళ్ళీ మా గుమ్మం తొక్కితే ఒట్టు.

"ఈయన్ని చేసుకున్నందుకు నా చుట్టూ కూడా గీత గీయమనండి" అనేది అత్తయ్య.

పైవాటాలో ఉండే పార్లర్ అక్క జుట్టు కత్తిరించడంలో ఘటికురాలు. ఆమె కుడిచేతిలో కత్తెర ఆడుతుంటే చూడాలి. ఒక పొద్దున పైనుంచి కేక వినిపించింది. వెళ్ళి చూస్తే కొత్త కెటిల్ పిడి ఆమె చేతిలో ఉంది, కెటిల్ నేల మీద ఉంది, అందులోని మరిగే నీళ్ళు ఆమె చేతి మీద పడి ఉన్నాయి.

ఆ ఒక్కరోజు మామయ్య సుద్దముక్క తీయలేదు. అక్క చెయ్యి కుళాయి కింద పెట్టి, ఆమె ఏడుస్తున్నా వదలకుండా నీళ్ళు పోయించాడు. అత్తయ్యని తోడిచ్చి ఆటోలో ఆసుపత్రికి పంపాడు. ఆటో మలుపు తిరిగాక నావైపు చూశాడు. నా చేతిలో తడిగుడ్డ ఉంది.

"ముట్టుకోకు!"

హమ్మయ్య, మనిషి మామూలయ్యాడు అనుకున్నాను.

చెయ్యి మానడం మొదలుపెట్టింది కానీ వేళ్ళు మడతపడటం లేదు. పార్లర్‌లో ఆమె కుర్చీ దగ్గర వేరే అమ్మాయి చేరింది. అందరూ వచ్చి ఓదార్చి, పోతూపోతూ ఒక మాట అనేవాళ్ళు: "నీళ్ళు కాస్త తక్కువ పోయాల్సింది." చివరికి అక్క కూడా అదే పాట ఎత్తుకుంది.

"తప్పు నాదే అన్నయ్యా. తొందరలో నిండా పోసేశాను."

"పిడి ఉన్నది పట్టుకోవడానికా, అలంకారానికా?" అనేవాడు మామయ్య. "కెటిల్‌ని చెప్పనీ అమ్మా. నువ్వు తొందరపడకు."

మామయ్య దగ్గర నల్లకోటు కుట్టడానికిచ్చి, దానికోసం తిరిగి తిరిగి అలసిపోయిన లాయరమ్మ ఒకావిడ ఉంది. ఆ వారం కూడా వచ్చింది. కోటు బదులు కెటిల్ చూపించాడు.

"కోటు ఎప్పుడిస్తారండీ?"

"కేసిస్తానమ్మా, ముందు ఇది చూడండి."

ఆవిడ ఫోన్‌లో వెతికి మొహం చిట్లించింది. పిడి ఊడుతోందని ఆ రకం కెటిళ్ళని కంపెనీ ఎప్పుడో వెనక్కి పిలిపించిందట. ఆ తర్వాత కూడా కొట్టువాడు నిక్షేపంగా అక్కకి అమ్మాడు.

"వెనక్కి పిలిచినంత మాత్రాన కంపెనీ చేతులు కడిగేసుకున్నట్టు కాదు" అంది, కేకేస్తే కిందికొచ్చిన అక్కతో. "కొత్త కెటిల్ ఇవ్వడం వేరు, కాలిన చేతికి పరిహారం వేరు. తయారుచేసినవాళ్ళ మీద, తెలిసీ అమ్మినవాడి మీద, ఇద్దరి మీదా వినియోగదారుల కోర్టుకి వెళ్ళొచ్చు. గడువు దాటకూడదు. బిల్లు, డాక్టరు చీటీలు, చేతి ఫోటోలు జాగ్రత్త. అన్నిటికన్నా ముందు ఈ కెటిల్ జాగ్రత్త. ఇది పోయిందా, నీ మాట మీద వాళ్ళ మాట, అంతే."

మామయ్య అత్తయ్య వైపు ఒక చూపు చూశాడు. అత్తయ్య వెంటనే కోటు సంగతి ఎత్తింది.

లాయరమ్మ ఉత్తరం అందగానే కంపెనీ మనిషి మా ముందుగదికి వచ్చాడు, నా వయసువాడే. ఇస్త్రీ చొక్కా, చేతిలో కొత్త కెటిల్ డబ్బా, నోట్లో తేనె.

"పాతది ఇచ్చేయండి మేడమ్, కొత్తది తీసుకోండి. ఇకమీదట ఏ ఫిర్యాదూ లేదని ఇక్కడ ఒక్క సంతకం."

అక్క ఎడమచేత్తో పెన్ను తీసుకుంది. నాకు ఒళ్ళు మండింది. అటూ ఇటూ తిరుగుతున్నాను. మామయ్య అక్క మొహంలోకే చూస్తున్నాడు.

"పోన్లే అన్నయ్యా" అంది అక్క. "తప్పు నాది పెట్టుకుని వాళ్ళనేం అడుగుతాను? కోర్టులో నలుగురి ముందు కూడా అదే అంటారు. ఆ మాట మళ్ళీ నేను వినలేను."

అక్క సంతకం చేయబోతుంటే పని అయిపోయిందనుకుని, కంపెనీ కుర్రాడు పక్కనున్న కుర్చీలో దర్జాగా కూర్చోబోయాడు.

"ముట్టుకో..." అన్నాడు మామయ్య.

ఆలస్యమైపోయింది. అది నాలుగో కాలు లేని కుర్చీ. కుర్రాడు వెల్లకిలా పడ్డాడు, కాళ్ళు గాల్లో, కెటిల్ డబ్బా పొట్ట మీద. పడ్డవాడు పడ్డచోటునుంచే చేతులు జోడించాడు.

"సారీ అండీ, సారీ! నాదే తప్పు. నేనే చూసుకోలేదు."

మామయ్య ఆనందం పట్టలేకపోయాడు.

"విన్నావామ్మా? కాలు లేనిది కుర్చీకి. నడుం విరిగింది వీడిది. తప్పు తనదంటున్నాడు!"

అక్క చేతిలో పెన్ను ఆగింది. నవ్వు తన్నుకొచ్చింది. కాలిన చేత్తో నోరు మూసుకోబోయి, నొప్పెట్టి, "అబ్బా" అంటూ ఇంకా నవ్వింది. కాగితం మామయ్య మడిచి కుర్రాడి జేబులోనే పెట్టి, వాణ్ణి లేపి దుమ్ము దులిపాడు.

"నీ తప్పు కాదు నాయనా, కుర్చీదే. దెబ్బ తగిలిందా? కాసేపు కదలకు" అంటూ సుద్దముక్క తీశాడు. వాడు పరుగో పరుగు.

ఆ సాయంత్రం వెనకగదిలో అత్తయ్య దుమ్ము దులుపుతుంటే ఒక పాత మూట చూశాను. లోపల మూత వంగిన కుక్కరు.

"నా పెళ్ళైన కొత్తలో పేలింది" అంది అత్తయ్య. "చేతకాని కోడలు వచ్చిందని మా అత్తగారు ఇల్లెక్కి అరుస్తుంటే, మీ మామయ్య ఈ మూత పట్టుకుని వచ్చినవాళ్ళకల్లా చూపించారు. ఆవిరి పోయే దారి పూడిపోయి ఉంది చూడండి, మా ఆవిడ తప్పేం లేదు అని. ఆవిడ నోరు మూతపడేదాకా చూపించారు. అప్పట్నుంచి ఏది విరిగినా ఇంతే. పట్టుకున్నవాళ్ళని అనేస్తారని భయం."

"మరి రోజూ పారేయమని గొడవ పెడతావెందుకత్తయ్యా?"

"కుర్చీని అన్నాను గానీ కుక్కర్ని ఎప్పుడైనా అన్నానట్రా?"

నేను కాలేజీ మానేసిన రోజున మా నాన్న ఫోన్‌లో చిందులేస్తుంటే మామయ్య అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది: "ఎక్కడ విరిగిందో చూడకుండా పిల్లాణ్ణి అనకండి బావగారూ."

కేసు నెగ్గాం. కెటిల్‌ని నిపుణులు విప్పి చూసి, పిడి బిగింపులోనే లోపమన్నారు. వైద్యం ఖర్చు, పనిపోయిన కాలానికి నష్టం కంపెనీ, కొట్టువాడు కలిసి ఇచ్చారు. అక్క కత్తెర మెల్లగా మళ్ళీ ఆడుతోంది. మొదటి బలిపశువు నేనే, నా తల చూస్తే తెలుస్తుంది. అయినా నాకు బాగా గుర్తుండిపోయింది తీర్పు కాదు, మొదటి వాయిదా రోజు.

కోర్టు వరండాలో నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మామయ్య బల్ల మీద కెటిల్ మూట ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డని మోస్తున్నట్టు కూర్చున్నాడు. అక్కనైనా ముట్టుకోనివ్వలేదు. ఇంతలో లాయరమ్మ ఆ రోజే చేతికొచ్చిన కొత్త కోటు తొడుక్కుని వచ్చింది. బొత్తాం లేదు.

"లోపల పిలుస్తున్నారండీ! ఇలా ఎలా వెళ్ళను?"

మామయ్య జేబులోంచి సూది, దారం తీశాడు. కుట్టడానికి రెండు చేతులూ కావాలి. మూట వైపు చూశాడు, అత్తయ్య వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. చివరికి నన్ను పిలిచాడు.

"ఒరేయ్, ఆ తిరుగుడు ఆపి ఇలా కూర్చో. కాసేపు దీన్ని జాగ్రత్తగా పట్టుకో" అని మూట నా ఒళ్ళో పెట్టి, సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు, "కానీ ముట్టుకోకు."